గోదారి వెంట ఒక ఏడాది చదువు



పోయిన కనుమ నాడు భోజనాలయ్యాక మా తమ్ముడూ మరదలూ అరుగు మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. తమ్ముడికి రాజమండ్రిలో ఫొటో స్టూడియో ఉంది. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీస్తున్నాడు. "అక్కా, ఒక్క ఏడాది స్టూడియో కుర్రాళ్ళకి అప్పజెప్పేద్దామనుకుంటున్నాను. త్ర్యంబకంలో గోదారి పుట్టిన చోటు నుంచి అంతర్వేదిలో సముద్రంలో కలిసేదాకా ఏటి వెంటే ఉండి ఫొటోలు తియ్యాలని ఎప్పణ్ణుంచో ఉంది. పిల్లల్నీ తీసుకెళ్ళిపోతాం" అన్నాడు. మరదలు మాత్రం నేల చూపులు చూస్తూ "అంతా బానే ఉంది వదినా, మరి పిల్లల చదువో?" అంది.

పెద్దది అమ్మాయి, ఈ జూన్‌లో ఆరో తరగతిలోకి వస్తుంది. చిన్నాడు మూడులోకి. నేను ముప్పై నాలుగేళ్ళు పశ్చిమ గోదావరి పల్లెల్లో పంతులమ్మగా చేసి రిటైరయ్యాను కనక ఆ ప్రశ్న నా ఒళ్ళోకి వచ్చి పడింది. నాలుగు నెలలుగా దాని మీదే కూర్చున్నాం. బడి మానకుండా బడికి దూరంగా ఏడాదంతా ఎలా చదువుకోవాలి అన్న ఆ లెక్కే ఈ పూట మీ ముందు పెడతాను. ఉద్యోగాల మీద, కాంట్రాక్టు పనుల మీద, ఇటుక బట్టీల మీద, పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్ళు మారే కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఇష్టపడి తిరిగేవాళ్ళు కొందరు, బతుకు తిప్పితే తిరిగేవాళ్ళు ఎక్కువమంది. పిల్లవాడి చదువు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ కావలసింది ఒకటేనని నా అనుభవం.

ఊరు మారుతూ చదువుకోవడం మనకేమీ కొత్త కాదు. 1891లో మన తూర్పు గోదావరి పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు గురువుల్ని వెతుక్కుంటూ ఊళ్ళు మారి చదువుకున్నారు. అదంతా 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'లో రాసిపెట్టారు. ఆ రోజుల్లో ఎందరో పిల్లలు రోజుకొకరింట వారాలు చేసుకుంటూ చదివారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల సంగతి చూడండి. తెరలూ సామానూ బళ్ళకెత్తుకుని కుటుంబాలకు కుటుంబాలే ఊరూరా తిరిగాయి. ప్రహ్లాదుడి వేషమో బాలకృష్ణుడి వేషమో కట్టే పిల్లలకి పద్యం నోటికి రావడం కూడా కూడూ గుడ్డా లాంటి సంగతే. కానీ నేను ఈ మాటలు ముచ్చటపడి ఊరుకోవడానికి చెప్పడం లేదు. ఆ రోజుల్లో వారాలు చేసుకునే చదువు కొందరికే దక్కింది. ఆడపిల్లకి దాదాపు దక్కనే లేదు. ఇప్పుడు మన చేతిలో చట్టం ఉంది. కనక ముందు చట్టం సంగతి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని అందులో రాసి ఉంది. ఇంటి చదువు అన్న మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో చదివించుకునే వాళ్ళకి శిక్ష కూడా రాయలేదు. అందుకే నేను తమ్ముడికి ఒకటే చెప్పాను: "చట్టంలో సందు ఉంది కదా అని బడితో తెగతెంపులు చేసుకోకు. పిల్ల బడి పిల్లే. ఏడాది పాటు బయట చదువుకుని మళ్ళీ బడికే వస్తుంది. ఆ వచ్చే దారి వెళ్ళేముందే వేసుకో."

ఆ దారి కూడా చట్టంలోనే ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం బడి మధ్యలో ఆగిన పిల్లని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. మిగతా పిల్లల్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఆ పిల్లకి ఉంది. అయిదో సెక్షన్ టీసీ గురించి చెబుతుంది. ప్రభుత్వ బడిలో గానీ ఎయిడెడ్ బడిలో గానీ టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో పిల్లని చేర్చుకోకుండా ఉండకూడదు, చేర్చుకోవడం వాయిదా వెయ్యనూ కూడదు. ప్రైవేటు బడి అయితే కరస్పాండెంటు గారితో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఏడాది తర్వాత సీటు ఉంటుందా, ఫీజు సంగతేమిటి, ఏదైనా పరీక్ష పెడతారా అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నోటి మాట ఏడాది నిలవదు. మళ్ళీ చేరేటప్పుడు ఆ కుర్చీలో వేరే మనిషి ఉండవచ్చు.

ఇంకొక సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలీదు. ఇప్పుడు పిల్లల వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి. ప్రతి పిల్లకీ పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబరు ఉంటుంది. పిల్ల బడి వదిలితే పేరు డ్రాప్ బాక్సులోకి వెళ్తుంది. తర్వాత చేరే బడి వాళ్ళు అక్కణ్ణుంచి తీసుకుంటారు. ఆ నంబరు, ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉన్నాయో లేదో బయల్దేరకముందే చూసుకోండి. మా మేనకోడలి ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, ఒక చోట పూర్తిగా ఉంది. అది సరిచేయించడానికి మరదలు మూడుసార్లు తిరిగింది.

పదో తరగతి పిల్లలుంటే ఈ ప్రయాణం ఆలోచన ఆ ఏడాదికి పక్కన పెట్టమంటాను. తప్పని పరిస్థితి అయితే సార్వత్రిక విద్యాపీఠం ఉంది. ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ 1991 నుంచి నడుస్తోంది. దేశం మొత్తానికి అలాంటి ఓపెన్ స్కూలే ఎన్‌ఐఓఎస్ ఉంది. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలు అక్కడ పది రాయవచ్చు. ఎన్‌ఐఓఎస్ వాళ్ళు చిన్న తరగతుల పిల్లలకి కూడా మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానంగా మూడు మెట్లు పెట్టారు. మా పిల్లల వయసుకి ఇవేవీ అక్కర్లేకపోయాయి.

కాగితాల పని ఒక కొలిక్కి వచ్చాక మరదలు పుస్తకాల జాబితా తెచ్చింది. గైడ్లు, వర్క్‌బుక్కులు, ట్యాబ్‌లో ఏవేవో కోర్సులు. నేను ఆ కాగితం మడిచి పక్కన పెట్టి అమ్మాయిని పిలిచాను. ఆ రోజు వచ్చిన తెలుగు పేపరు ఇచ్చి చదవమన్నాను. బడిలో ఎప్పుడూ మంచి మార్కులే. గ్రేడ్లన్నీ 'ఏ'లే. కానీ "ఆర్థిక", "నిర్వాసితులు" లాంటి మాటల దగ్గర ఆగి, పెదాలు కదిపి, వదిలేసి ముందుకి పోతోంది. ఇంగ్లిషు పాఠం ఇస్తే గడగడా చదివింది. ఏం చదివావో తెలుగులో చెప్పమంటే నా మొహం చూసింది. భాగహారంలో శేషం వస్తే ఏం చెయ్యాలో తెలుసు. ఆ శేషం అంటే ఏమిటో తెలీదు. నలభై మూడు కొబ్బరికాయలు బస్తాకి ఎనిమిది చొప్పున వేస్తే మూడు మిగులుతాయి అన్నది చేసి చూపించాక "ఓహో, ఇదా అత్తా!" అంది.

ఇంటి చదువు ప్లాను మొదలయ్యేది ఇక్కడ. పిల్ల ఏ తరగతిలో ఉంది అన్నది బడి లెక్క. ఏ మెట్టు మీద ఉంది అన్నది మన లెక్క. మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల చిన్న పల్లెబడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాలన్నిటినీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకీ కార్డులు పెట్టి, గోడ మీద నిచ్చెన బొమ్మ వేశారు. పిల్ల తానెక్కడుందో ఆ నిచ్చెన మీద తానే చూసుకుంటుంది. వేరుశనగ పీకే రోజుల్లో పదిహేను రోజులు మానేసి వచ్చిందనుకోండి, తరగతి వెళ్ళిపోయిందే అన్న భయం లేదు. ఆగిన మెట్టు దగ్గరే మళ్ళీ మొదలుపెడుతుంది. ఊళ్ళు మారే పిల్లకి ఇంతకన్నా అక్కరకొచ్చే ఆలోచన నేను చూడలేదు.

అందుకని మేం సబ్జెక్టుల్ని రెండుగా విడదీశాం. లెక్కలు, భాష మెట్లెక్కాల్సినవి. ఒక మెట్టు విరిగితే పై మెట్టు అందదు. అవి రోజూ జరగాలి, రైల్లో ఉన్నా, సత్రంలో ఉన్నా, చుట్టాలింట్లో ఉన్నా. సైన్సు, సోషలు అలాంటివి కావు. వాటికి ఈ నదే పుస్తకం. రోజుకి రెండు గంటలు లెక్కలూ భాషలూ, పొద్దున్న టిఫినుకీ ఎండ ముదరడానికీ మధ్యన. అంతే. బడిలో ఏడు గంటలు ఉంటారు కదా, రెండే చాలా అని తమ్ముడు అడిగాడు. నలభై మంది పిల్లల మధ్య ఒక్కో పిల్లకి పంతులు కళ్ళలోకి చూసి మాట్లాడే సమయం ఎంత దొరుకుతుందో నాకు తెలుసు. ఎదురుగా కూర్చుని ఇద్దరికే చెప్పే రెండు గంటలు తక్కువేమీ కాదు. ఆ రెండు గంటలూ రోజూ జరగడమే కష్టం.

పుస్తకాలు ఎక్కువ మోయక్కర్లేదు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష. ఇంగ్లిషు మీడియం పిల్లయినా అమ్మానాన్నలు తెలుగు పేజీ చూసి చెప్పుకోవచ్చు. పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోనులో దీక్షా యాప్‌తో తెరిస్తే వీడియో వస్తుంది. ఆరో తరగతి లెక్కలు, తెలుగు, ఇంగ్లిషు, హిందీ. మూడో తరగతివి అన్నీ. ఒక భౌగోళిక పటం, ఒక నిఘంటువు, పదిహేను కథల పుస్తకాలు. ఆ కథల పుస్తకాల దగ్గర మాత్రం బరువు చూసుకోవద్దన్నాను.

ఇక దారి. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. జూన్‌లో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో వానలతో పాటు మొదలవుతారు. శ్రావణానికి పైఠాన్, అక్కడ జాయక్‌వాడీ జలాశయం. దసరాకి నాందేడ్, అక్కణ్ణుంచి బాసర. కార్తీకంలో ధర్మపురి, ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం. ముక్కోటికి భద్రాచలం. సంక్రాంతికి ఇంటికొచ్చి పది రోజులు. మాఘమాసం తీర్థానికి అంతర్వేది. ఆ తర్వాత యానాం, కోరింగ మడ అడవులు. ఏ చోటా అయిదారు వారాలకి తగ్గకుండా ఉండాలని నేను పట్టుబట్టాను. రోజుకొక ఊరు తిరిగితే పిల్లకి గుళ్ళూ హోటళ్ళూ తప్ప ఏమీ గుర్తుండవు. అయిదు వారాలుంటే పక్కింటి పిల్లల పేర్లు తెలుస్తాయి, సాయంత్రం ఆట దొరుకుతుంది. ఆరో తరగతి పిల్లకి స్నేహితులు లేకపోవడం భాగహారం రాకపోవడం కన్నా పెద్ద లోటు. అందుకే ఉన్న ఊళ్ళో బడికి వెళ్ళి హెడ్మాస్టారిని కలిసి సాయంత్రాలు ఆటస్థలంలోకి పిల్లల్ని రానివ్వమని అడగాలని కూడా ప్లానులో రాసుకున్నాం. నాసిక్, నాందేడ్ వీధుల్లో బోర్డులు చదువుకుంటూ తిరిగితే హిందీ లిపికి వేరే ట్యూషను ఎందుకు? మరాఠీకీ అదే లిపి.

వేసవి సెలవులిచ్చిన మర్నాటి నుంచి వారం రోజులు మన ఊళ్ళోనే రిహార్సల్ చేశాం. ప్లాను కాగితం మీద బాగానే ఉంటుంది. పిల్లలతో నడుస్తుందో లేదో నడిపి చూస్తేనే తెలుస్తుంది.

రెండో రోజు ధవళేశ్వరం వెళ్ళాం. కాలవలు కట్టేసిన రోజులు. నీళ్ళు లేని కాలవలోకి చూస్తే లాకు అంటే ఏమిటో పిల్లలకి కళ్ళకి కట్టినట్టు కనబడింది. మామూలు రోజుల్లో నీళ్ళ కింద ఉండే తలుపుల అడుగు భాగం, దాని మీద ఎండిపోయిన పాచి, గోడ మీద నీళ్ళు నిలిచిన చోట ఆకుపచ్చ చార, దాని కింద ఇంకొక చార. చిన్నాడు చారలు లెక్కపెట్టాడు. అమ్మాయి ఆ రెండు చారల మధ్య దూరం టేపుతో కొలుద్దామంది. పడవ పై మట్టం నుంచి కింది మట్టానికి ఎలా దిగుతుందో లాకు దగ్గర పనిచేసే ఆయన చేత్తో తిప్పి చూపించారు. ముందు ఈ తలుపు, నీళ్ళు తగ్గాక ఆ తలుపు. ఒకప్పుడు ఈ కాలవల మీద పడవల్లోనే జనం రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి ఊరు చేరేవాళ్ళని కూడా ఆయనే చెప్పారు. నేను పక్కన నిలబడి ఊరుకున్నాను. ఆ పావుగంట పంతులు ఆయనే.

తర్వాత కాటన్ మ్యూజియం చూసి బ్యారేజీ మీదికి నడిచాం. 1847లో మొదలుపెట్టి 1852కి ఆర్థర్ కాటన్ పాత ఆనకట్ట పూర్తి చేశారు. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. దానికి 175 గేట్లు. ఇవన్నీ చెబితే పిల్లలు తలూపి మర్చిపోతారు. అందుకని ఒక ప్రశ్న ఇచ్చాను. వరదల రోజుల్లో రేడియోలో వింటూంటాం కదా, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని. 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు, అంటే ఇరవై ఎనిమిది లీటర్ల పైచిలుకు. మరి మన ఇంటికొచ్చే వాటర్ టిన్నులతో ఆ నీళ్ళు పట్టాలంటే ఎన్ని టిన్నులు కావాలి?

అమ్మాయి గట్టు మీద కూర్చుని నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. టిన్నుకి ఇరవై లీటర్లు. ఇరవై ఎనిమిదిని ఇరవైతో భాగిస్తే ఒకటిన్నరకి కొంచెం తక్కువ. పది లక్షలకి పద్నాలుగు లక్షల టిన్నులు. "రోజుకా అత్తా?" అంది. సెకనుకమ్మా అన్నాను. పుస్తకం మూసి నది వైపు చూసింది. అవాళ ఏరు సన్నగా ఇసక తిన్నెల మధ్య పారుతోంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక తనే అడిగింది, భద్రాచలం దగ్గర అడుగుల్లో చెబుతారేం, 43, 48, 53 అని, ఇక్కడ క్యూసెక్కుల్లో చెబుతారేం అని. జవాబు నేను చెప్పలేదు. భద్రాచలం వెళ్ళాక అక్కడి వాళ్ళని అడిగి, తిరిగొచ్చాక ఇక్కడి వాళ్ళని అడిగి రాయమన్నాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి వచ్చింది. మూడో హెచ్చరిక మీద ఇంకా ఎంత ఎత్తో తీసివేత చేసి, మన డాబా పక్కన నిలబడి చూసుకోమన్నాను. రెండంతస్తులు దాటింది.

అంతర్వేది దగ్గర చెయ్యాల్సిన పని కూడా రాసి పెట్టుకున్నారు. గోదారి పాయ వశిష్ట ఒడ్డున ఒకే చోట పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం నీళ్ళు నాలిక మీద వేసుకుని చూడాలి. పోటు మీద ఉప్పు ఎంత, పాటు మీద ఎంత, పల్లెకారులు ఏ వేళకి వల వేస్తున్నారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి మనుషుల్నీ బళ్ళనీ లెక్కపెట్టి, ఒక రోజుకి ఎంత వసూలవుతుందో వెయ్యాలి. ఖర్చుల లెక్క మరదలి చేతిలో ఉంటుంది. స్టూడియో పద్దులన్నీ రాసేది తనే. ఈ ఏడాది కుటుంబం పద్దు చిన్నాడి చేత రాయించమన్నాను. బస్సు చార్జీ, ఉల్లిపాయలు, గది అద్దె. వాడికి కూడికలూ తీసివేతలూ అక్కడే నలుగుతాయి.

మూడో రోజు మాత్రం ఇల్లు దద్దరిల్లింది. భాగహారం దగ్గర తల్లికీ కూతురికీ పడింది. మరదలు పాపం రెండుసార్లు ఓపిగ్గా చెప్పి మూడోసారి గొంతు పెంచింది. పిల్ల పెన్సిలు విసిరేసి పెరట్లోకి పోయింది. మరదలు నా దగ్గరికొచ్చి "నా వల్ల కాదు వదినా, ఈ ప్రయాణం వద్దు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఆ మాట తేలిగ్గా తీసుకోలేదు. అమ్మ పంతులమ్మ అయితే పిల్లకి అమ్మ లేకుండా పోయే ప్రమాదం నిజంగానే ఉంది. ఇంటి చదువు మొదలుపెట్టిన వాళ్ళు మానేసేది చాలావరకు పాఠం దగ్గర కాదు, ఇక్కడ. ఆ రాత్రి మేం ముగ్గురం కూర్చుని రెండు నియమాలు పెట్టుకున్నాం. గొంతు లేచిందంటే ఆ పూటకి పుస్తకం మూసెయ్యాలి. లెక్కలు నాన్న చెప్పాలి, భాషలు అమ్మ చెప్పాలి, ఒకరు చెప్పేటప్పుడు రెండోవారు మధ్యలో వేలు పెట్టకూడదు. వారానికి రెండు రోజులు నేను ఫోనులో అమ్మాయి చదివింది వింటాను. ఆరో రోజూ ఏడో రోజూ బాగానే నడిచాయి. ఏడాది నడుస్తుందో లేదో నడవాలి మరి. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నేను ఇద్దరినీ మళ్ళీ చదివించి చూస్తాను. మెట్టు ఎక్కకపోగా దిగి ఉంటే మిగతా ప్రయాణం మానుకుని బడిలో చేర్చాలి. అందుకు తమ్ముడు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం లేకుండా నేను సరే అనేదాన్ని కాదు.

ఇక ఒక్క వస్తువు. ఒక లాంగు నోటు పుస్తకం, గట్టి అట్టది. దాని గురించి చెప్పాలంటే ఒక పిల్ల గురించి చెప్పాలి.

విద్యాహక్కు చట్టం వచ్చిన కొత్తలో నేను డెల్టాలో ఒక పల్లెలో ఉన్నాను. సార్వా కోతలైపోయి దాళ్వా నాట్లు పడని రోజుల్లో బాతుల మందలు వస్తాయి. చేలల్లో రాలిన గింజ కోసం కుటుంబాలు బాతుల్ని తోలుకుంటూ గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉంటాయి. అలా వచ్చిన ఒకాయన తన ఎనిమిదేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. "ఇంతకు ముందు ఊళ్ళో టీసీ లేదని చేర్చుకోలేదమ్మా, మీరైనా కూర్చోబెట్టుకుంటారా" అన్నారు. కూర్చోబెట్టుకున్నాను.

ఆ పిల్లకి లెక్కలు రావనుకున్నాను. ఒక సాయంత్రం వాళ్ళ పట్టా దగ్గరికి వెళ్ళాను. బాతుల్ని దడిలోకి తోలుతున్నారు. ఆ పిల్ల సందు దగ్గర నిలబడి చేతి కర్ర అటూ ఇటూ ఆడిస్తూ అయిదేసి చొప్పున లెక్కపెడుతోంది. నాలుగు వందల అయిదు అంది. తండ్రి తలూపారు. మర్నాడు బడిలో నాలుగు వందల అయిదు రాయమంటే 4005 అని రాసింది. నాలుగు వందలు రాసి పక్కన అయిదు పెట్టింది. తనకి సంఖ్య తెలుసు. స్థానం తెలీదు, అంతే. పుల్లలు కట్టలు కట్టించాం. పదేసి కట్టలు, వందేసి మోపులు. నాలుగు మోపులు, కట్టలేమీ లేవు, విడిగా అయిదు పుల్లలు. కట్టలు లేని చోట సున్నా. మూడు రోజులకి తనే 405 రాసి నాకు చూపించడానికి పరుగెత్తుకొచ్చింది.

అయిదు వారాలకి మంద కదిలింది. వెళ్ళేముందు ఆ పిల్ల నోటు పుస్తకం చివర ఒక పేజీలో రాశాను: స్థాన విలువలు వందల దాకా వచ్చాయి, అప్పు తెచ్చుకునే తీసివేతలు ఇంకా రాలేదు, గుణింతాలు వచ్చాయి, ఒత్తులు మొదలుపెట్టాం, తర్వాత ఊళ్ళో ఉపాధ్యాయులు దయచేసి ఇక్కణ్ణుంచి చెప్పగలరు. కింద సంతకం, బడి పేరు, తేదీ. పై ఏడాది కోతల తర్వాత ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. పుస్తకం అట్ట నలిగిపోయింది. నా పేజీ తర్వాత ఇంకా ఇద్దరి చేతిరాతలున్నాయి. ఒకరు నాలుగు వాక్యాలు రాశారు, ఒకరు ఒత్తులు పూర్తయ్యాయి అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టారు. వాళ్ళెవరో నేను ఎన్నడూ చూడలేదు. ఆ పుస్తకం తెరవగానే పిల్ల ఏ మెట్టు మీద ఉందో నాకు అర నిమిషంలో తెలిసిపోయింది.

మా మేనకోడలికీ మేనల్లుడికీ అలాంటి పుస్తకమే ఒక్కొక్కటి ఇచ్చాను. వారానికొక పేజీ. ఒక వైపు అమ్మా నాన్నా ఏ మెట్టు వచ్చింది, ఏది రాలేదు అని రాస్తారు. రెండో వైపు పిల్లలు ఆ వారం చూసింది రాస్తారు. ఎలా రాయాలి అని అమ్మాయి అడిగితే ఏనుగుల వీరాస్వామయ్య గారి గురించి చెప్పాను. ఆయన 1830 మేలో మద్రాసు నుంచి కుటుంబంతో, పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. పదిహేను నెలలు. ఏ మజిలీలో ఏమున్నదీ, దారి ఎలా ఉన్నదీ, నీటి వసతి, అంగళ్ళు, అన్నీ రాసుకుంటూ మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి పంపారు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. తిరుగు దారిలో మన గోదారి కూడా దాటారు. గొప్ప గొప్ప మాటలు రాయక్కర్లేదు తల్లీ, నీళ్ళు ఎక్కడున్నాయో, బియ్యం ఎంతకిచ్చారో, ఎవరు ఏం చెప్పారో రాయి చాలు అన్నాను. పదిహేను రోజులకొకసారి క్లాసులో తన స్నేహితురాలికి ఉత్తరం కూడా రాసి పోస్టు చెయ్యాలి. ఆ క్లాసు టీచరు గారు ఆ ఉత్తరాలు తరగతిలో చదివిస్తామన్నారు. మళ్ళీ జూన్‌లో ఆ పిల్ల ఏడో తరగతిలో అడుగుపెట్టేసరికి తెలియని పిల్లగా ఉండదు.

ఏప్రిల్, మే నెలలు ప్రయాణం లేదు. రాజమండ్రిలోనే ఉండి ఆరో తరగతి పుస్తకాలన్నీ మొదటి నుంచి ఒకసారి తిరగేస్తారు. ఖాళీ పడిన పాఠాలు అప్పుడు పూడ్చుకోవచ్చు.

ఇలా బయల్దేరాలనుకునే తల్లిదండ్రులు ఈ వేసవిలోనే బడికి వెళ్ళి హెడ్మాస్టారిని కలవండి. మీ పిల్లల చేత ఇవాళే ఒక పేజీ పేపరు చదివించి, ఒక భాగహారం చేయించి చూడండి. ఒక వారం ఇంట్లో నడిపి చూడండి.

ఇక నా తోటి ఉపాధ్యాయులకి ఒక మనవి. మా తమ్ముడి పిల్లలకి నేనున్నాను, అమ్మానాన్నలున్నారు, ఫోనుంది. రేపు కోతలయ్యాక మీ ఊరి గట్టు మీద పట్టాలు లేస్తాయి, ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు పడతాయి. ఆ పిల్లలకి మీరే ఉన్నారు. ఎవరైనా పిల్లని చెయ్యి పట్టుకుని మీ బడి గుమ్మంలోకి తీసుకొస్తే టీసీ సంగతి తర్వాత చూసుకోండి. ముందు లోపల కూర్చోబెట్టండి. వెళ్ళిపోయే రోజున ఆ పిల్ల పుస్తకంలో మూడు వాక్యాలు రాసి, సంతకం పెట్టి పంపండి.